ఊరు చెబితే లెక్క చెప్పే ఫంక్షను

పాలకొల్లు దగ్గర ఒక ధాన్యం కొట్టులో కంప్యూటర్ లెక్కలు చూసిపెట్టడం నా పని. ఏప్రిల్ నెలాఖరులో, దాళ్వా (రబీ) కోతలు ముమ్మరమయ్యాక, కొట్టు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. గుమాస్తాగారు లోపలికి తొంగిచూసి, "బాబూ, ఆచంట లెక్క ఎంతవరకు వచ్చింది?" అంటారు. అయిదు నిమిషాలకు, "పెనుమంట్రది కూడా చెప్పు." మరో పది నిమిషాలకు, "ఆచంటదే, సార్వాది విడిగా కావాలి." సార్వా అంటే ఖరీఫ్ పంట.

ప్రశ్న ఒకటే. మారేవి మూడు మాటలు: ఊరు, మొదలు తేదీ, ముగింపు తేదీ. మొదట్లో ఆ ప్రశ్నను డేటాబేస్ భాషలో రాసిన క్వెరీని ఒక ఫైల్లో దాచుకుని, ఊరు మార్చి, తేదీలు మార్చి నడిపేవాణ్ని. తర్వాత అదే క్వెరీ కౌంటర్ తెర వెనక్కి చేరింది. అక్కడి నుంచి నెలవారీ నివేదికలోకి, ఆపైన చెల్లింపుల జాబితాలోకి పాకింది. ఒకరోజు కూర్చుని లెక్కపెడితే పదకొండు చోట్ల తేలింది. పదకొండూ ఒకేలా ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ని కాదు.

ఒకచోట బస్తాలను క్వింటాళ్లుగా మార్చే లెక్క తప్పింది. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. 41 బస్తాలంటే 3,075 కిలోలు, అంటే 30.75 క్వింటాళ్లు. కానీ మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే వచ్చేదీ పూర్ణాంకమే, దశాంశాలు రాలిపోతాయి. 3075ను 100తో భాగించమంటే 30 అని చెప్పి ఊరుకుంటుంది. రాలిపోయిన ముప్పావు క్వింటాలు సరిగ్గా ఒక బస్తా. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అంటే ఆ నివేదికలో ఆ రైతు లెక్కలో 1,725 రూపాయలు కనపడకుండా పోయాయి. 100 బదులు 100.0 అని రాసి ఉంటే సరిపోయేది. పది చోట్ల అలాగే రాశాను, పదకొండో చోట మరిచిపోయాను.

ఇంకోచోట తేదీలు. ఏప్రిల్ 1 నుంచి 30 మధ్య అని రాశాను. తూకం వేసిన కాలమ్‌లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా ఉంటాయి. ఏప్రిల్ 30 అని మాత్రమే రాస్తే, ఆ పోలికలో అది 30వ తేదీ అర్ధరాత్రి పన్నెండు గంటలు అవుతుంది. ఆ రోజు పొద్దున తూకం వేసిన ఒక్క బస్తా కూడా లెక్కలోకి రాదు. మొదలు తేదీకి సమానమో ఎక్కువో, ముగింపు తేదీకి మాత్రం తక్కువ అని రాసి, ముగింపుగా మే 1 ఇవ్వడమే దీనికి మందు.

ఇలాంటి నియమాలన్నీ ఒకేచోట, డేటాబేస్ లోపలే ఉండాలి. అడిగేవాడు ఊరూ తేదీలూ మాత్రం ఇవ్వాలి, వరుసలు తిరిగి రావాలి. పారామీటర్లు (అడిగేవాడు ఇచ్చే విలువలు) తీసుకుని క్వెరీ ఫలితాన్ని పట్టికలా తిరిగి ఇచ్చే ఫంక్షన్ చేసేది ఇదే. రాయడం తేలికే, పది వరుసల పని. రాసినదాన్ని డేటాబేస్ ఎలా చదువుకుంటుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

ముందు ఒక సందేహం తీర్చాలి. దీనికి వ్యూ, అంటే పేరు పెట్టి దాచుకున్న క్వెరీ, చాలదా అని అడుగుతారు. చాలాసార్లు చాలుతుంది. ఫలితంలో ఊరి కాలమ్ ఉంటే, వ్యూ మీద బయటినుంచి "ఆచంట వరకే" అని షరతు పెట్టుకోవచ్చు. తేదీల దగ్గరే చిక్కు. రైతువారీగా బస్తాలన్నీ కూడి చూపించే వ్యూలో ఒక్కో రైతుకు ఒక్కో వరుస మిగులుతుంది, తూకం తేదీ ఉండదు. కూడేసిన తర్వాత తేదీతో వడకట్టాలంటే వడకట్టడానికి అక్కడ ఏమీ లేదు. షరతు కూడికకు ముందే, క్వెరీ కడుపులోకి వెళ్లాలి. వ్యూకు అలాంటి ద్వారం లేదు, ఫంక్షన్‌కు ఉంది. ఈ తేడా అవసరం లేనిచోట వ్యూతోనే సరిపెట్టుకోండి. ఫంక్షన్ రాయడం వచ్చింది కదా అని ప్రతిదానికీ రాయనక్కర్లేదు.

నేను రాసుకున్నదాన్ని ఇక్కడ పెడుతున్నాను. చదవడానికి వీలుగా ఆదేశ పదాలను కూడా తెలుగు లిపిలో ఇచ్చాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

క్రియేట్ ఫంక్షన్ ఊరి_కొనుగోళ్లు
(అడిగిన_ఊరు ఇంటిజర్, మొదలు డేట్, ముగింపు డేట్)
రిటర్న్స్ టేబుల్
(రైతు టెక్స్ట్, బస్తాలు బిగింట్, క్వింటాళ్లు న్యూమరిక్)
లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్ స్టేబుల్ యాజ్ $$
సెలెక్ట్ క.రైతు, సమ్(క.బస్తాలు), సమ్(క.బస్తాలు) * 75 / 100.0
ఫ్రమ్ కొనుగోళ్లు క
వేర్ క.ఊరి_కోడ్ = అడిగిన_ఊరు
అండ్ క.తూకం >= మొదలు
అండ్ క.తూకం < ముగింపు
గ్రూప్ బై క.రైతు
$$;

పిలిచేటప్పుడు దీన్ని పట్టికలాగే ఫ్రమ్ తర్వాత రాస్తాం: సెలెక్ట్ * ఫ్రమ్ ఊరి_కొనుగోళ్లు(17, '2025-04-01', '2025-05-01'). పక్కన ఇంకో పట్టికను జాయిన్ చేయవచ్చు (కలిపి చదవవచ్చు), బస్తాల లెక్కన పెద్దది ముందు వచ్చేలా పేర్చవచ్చు, మొదటి పదే కావాలనవచ్చు. రెండు తేదీలూ తారుమారవుతాయని భయముంటే పారామీటర్ పేరు రాసి, పక్కన సమానం, ఎక్కువ గుర్తులు కలిపి వేసి విలువ ఇవ్వవచ్చు. ఆరు నెలల తర్వాత ఆ వరుస చదివే మనిషి మీకు దండం పెడతాడు. ఆ మనిషి ఎక్కువసార్లు మీరే అవుతారు.

ఊరి_కొనుగోళ్లు లాంటి పేర్లు నిజంగా పనిచేస్తాయా అంటే, పోస్ట్‌గ్రెస్‌లో పనిచేస్తాయి. కొటేషన్ గుర్తులు కూడా అవసరం లేదు. కాకపోతే పేరుకు 63 బైట్ల హద్దు ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు దేనికది మూడేసి బైట్లు తింటాయి కాబట్టి మనకు మిగిలేది 21 గుర్తులు. అంతకంటే పొడవైతే చిన్న హెచ్చరిక ఒకటి పడేసి తోక కత్తిరిస్తుంది. పట్టికలకూ ఫంక్షన్లకూ తెలుగు పేర్లు పెట్టడం నాకు ఇష్టమే. కొట్టులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడుతున్నాను, ఎందుకంటే నా తర్వాత వచ్చేవాళ్ల కీబోర్డు ఎలాంటిదో నాకు తెలియదు.

ఊరి పేరు బదులు 17 అనే కోడ్ ఎందుకంటే, తెలుగులో పేరును పారామీటర్‌గా తీసుకుంటే కళ్లకు కనపడని తగాదాలు వస్తాయి. రాజీవ్‌నగర్ అన్న మాటలో పొల్లు తర్వాత, వకారానికీ నకారానికీ మధ్య, కలవకుండా అడ్డుపడే గుర్తు ఒకటి ఉంటుంది. కంటికి అది కనపడదు. దాన్ని ఒకరు పెట్టి, మరొకరు పెట్టకుండా కొడితే డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఐత్వం సంగతి ఇంకా విచిత్రం. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద మరో ముక్కా కలిపి రెండు గుర్తులుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఈ రెండోదాన్ని పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి వచ్చిన నార్మలైజ్ అనే ఫంక్షన్ సరిచేస్తుంది. కనపడని అడ్డుగుర్తును మాత్రం అది తీసేయదు. అందుకే ఊరికి ఒక కోడ్ ఇచ్చి, తెర మీద జాబితాలోంచి ఎంచుకోమంటే గొడవ వదులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటిసారి ఈ ఫంక్షన్ రాసినప్పుడు దాన్ని పైన చూపినట్టు మామూలు ఎస్‌క్యూఎల్‌లో రాయలేదు, పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్‌లో రాశాను. ఇఫ్‌లు, లూప్‌లు, వేరియబుల్స్ అన్నీ ఉండే భాష కదా, పెద్దగా కనిపించింది. ఊరిని పారామీటర్‌గా తీసుకోలేదు కూడా. తేదీలు మాత్రం తీసుకుని, అన్ని ఊళ్ల లెక్కా ఇచ్చేసేది. కావలసిన ఊరిని బయట షరతుతో ఏరుకోవచ్చులే అనుకున్నాను. పరీక్షించినప్పుడు బాగానే నడిచింది, ఎందుకంటే పట్టికలో నాలుగొందల వరుసలున్నాయి. రెండు సీజన్లు గడిచేసరికి అవి లక్ష దాటాయి. అదే ఫంక్షన్‌ను చెల్లింపుల పట్టికతో జాయిన్ చేసిన నివేదిక నొక్కితే గుమాస్తాగారు టీ తాగి వచ్చేవరకు తెర తిరుగుతూనే ఉండేది.

జరిగింది చెప్పడానికి మా కాలువలే సరిపోతాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరిని ఆపి, విజ్జేశ్వరం వైపు నుంచి పశ్చిమ డెల్టాకు నీళ్లు వదులుతారు. శివారులో ఒక్క చేనుకు తడి కావాలంటే తెలివైన పద్ధతి, పైన ఏ లాకు దగ్గర నీటిని ఎటు మళ్లించాలో ముందే చూసుకోవడం. తెలివితక్కువ పద్ధతి, కాలువ నిండా నీళ్లు శివారు దాకా తెచ్చుకుని, ఒక్క చేను తడిపి, మిగతాది మురుగు కాలువలోకి వదిలేయడం. నా ఫంక్షన్ చేసింది రెండోది. లోపల ఏముందో, క్వెరీని ఏ దారిన నడపాలో తేల్చే డేటాబేస్ భాగం ప్లానర్‌కు కనపడదు కాబట్టి, బయట నేను పెట్టిన "ఆచంట వరకే" అన్న షరతును అది లోపలికి పంపలేకపోయింది. ఫంక్షన్ అన్ని ఊళ్ల లెక్కా కూడింది, మొత్తం ఫలితాన్ని ఒకచోట పేర్చింది, ఆ తర్వాత ఆచంట వరుసలు ఉంచుకుని మిగతావి పారేసింది. ఊరి కోడ్ మీద, వరుసలను త్వరగా వెతికిపెట్టే చక్కటి ఇండెక్స్ ఉంది, దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు.

పేర్చడం అన్న మాట యథాలాపంగా వాడలేదు. పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్‌లో రిటర్న్ క్వెరీ అని రాస్తే, ఫంక్షన్ పూర్తయ్యేవరకు ఫలితమంతా కూడబెట్టి, చివరికి ఒక్కసారి ఇస్తుంది. ఆ రాశి వర్క్_మెమ్ అనే మెమరీ హద్దు దాటితే డిస్కు మీదికి పోతుంది. మొదటి పది వరుసలే చాలని బయట మీరు ఎంత చెప్పినా లోపల లక్ష వరుసలూ తయారయ్యాకే ఆ పది మీ చేతికొస్తాయి. రిటర్న్ అనే మాట చూసి ఫంక్షన్ అక్కడితో ముగుస్తుందనుకోవడం కూడా పొరపాటే. అది ఫలితం రాశిలో కొన్ని వరుసలు వేసి కింది వాక్యానికి వెళుతుంది. వరసగా రెండు రిటర్న్ క్వెరీలు రాస్తే రెండింటి వరుసలూ కలిసి వస్తాయి. ఒక్కోసారి కావలసింది అదే, ఒక్కోసారి లెక్క రెట్టింపై గుండె ఆగుతుంది.

అంచనాల సంగతి మరొకటి. క్వెరీ నడపడానికి ముందు ఏ అంచె నుంచి ఎన్ని వరుసలు వస్తాయో ప్లానర్ ఊహించుకుంటుంది, ఆ ఊహ మీదే జాయిన్ ఎలా చేయాలో తేల్చుకుంటుంది. మూసిన పెట్టె లాంటి ఫంక్షన్ ఎన్ని వరుసలిస్తుందో దానికి తెలియదు కాబట్టి, మనం వేరే చెప్పకపోతే 1000 అనుకుంటుంది. నిజంగా వచ్చేవి పన్నెండు కావచ్చు, లక్ష కావచ్చు. ఫంక్షన్ నిర్వచనంలో రోస్ అని రాసి పక్కన ఒక అంకె వేస్తే ఆ ఊహను మార్చవచ్చు. అది కంటికి గంతలు కట్టి దారి చెప్పడం లాంటిది, ఏమీ చెప్పకపోవడం కంటే నయం.

గంతలు విప్పే దారి కూడా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ఫంక్షన్‌ను మామూలు ఎస్‌క్యూఎల్ భాషలో, ఒకే ఒక్క సెలెక్ట్‌గా రాసి, కొన్ని షరతులు పాటిస్తే ప్లానర్ ఆ పెట్టెను విప్పేసి, లోపలి క్వెరీని మన క్వెరీలోనే కలిపేసుకుంటుంది. దీన్ని ఇన్‌లైన్ చేయడమంటారు. అప్పుడు ఫంక్షన్ పేరు మనకు గుర్తుండడానికే, డేటాబేస్‌కు అక్కడ ఫంక్షనంటూ ఏమీ ఉండదు. బయటి షరతు లోపలికి పోతుంది, ఇండెక్స్ పనిలోకి దిగుతుంది, అంచనాలు అసలు పట్టికల గణాంకాల నుంచి వస్తాయి.

ఆ షరతులు ఇవి. ఫంక్షన్ స్టేబుల్ అనో ఇమ్యూటబుల్ అనో ప్రకటించి ఉండాలి. ఏమీ రాయకపోతే వోలటైల్ (జవాబు ఎప్పుడైనా మారవచ్చు) అనుకుంటుంది, దాంతో ఇన్‌లైన్ ఆశ పోతుంది. ఖాళీ విలువ ఇస్తే అసలు నడవవద్దనే స్ట్రిక్ట్ ఉండకూడదు, రాసినవాడి అధికారంతో నడిపించే సెక్యూరిటీ డిఫైనర్ ఉండకూడదు, సెట్ అని సెట్టింగులు తగిలించి ఉండకూడదు. పైన నా ఫంక్షన్‌లో స్టేబుల్ అన్న ఒక్క మాటే ఇంత పని చేస్తోంది. నాకు దీనిమీద గట్టి అభిప్రాయమే ఉంది: వరుసలు తిరిగి ఇచ్చే ఫంక్షన్‌ను ముందు ఎస్‌క్యూఎల్‌లో, స్టేబుల్‌గా రాయండి. ఒక్క సెలెక్ట్‌లో నిజంగా కుదరనప్పుడే పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్ జోలికి వెళ్లండి.

స్టేబుల్ అంటే ఒక క్వెరీ నడుస్తున్నంతసేపూ, అవే పారామీటర్లకు అదే జవాబు ఇస్తానని మాటివ్వడం, డేటాను మార్చనని కూడా. ఇమ్యూటబుల్ అంటే ఎప్పటికీ అదే జవాబని. పట్టిక చదివే ఫంక్షన్‌ను వేగం కోసమని ఇమ్యూటబుల్ అన్నారో అబద్ధమాడినట్టే. రేపు ఇంకో ట్రాక్టర్ వస్తుంది, జవాబు మారుతుంది, పాత జవాబే ఎక్కడో ఉండిపోతుంది.

పెట్టె విప్పిందో లేదో, ప్లానర్ పథకాన్ని చూపించే ఎక్స్‌ప్లెయిన్‌తో చూసుకోవచ్చు. పథకంలో ఫంక్షన్ స్కాన్ అని, పక్కన 1000 వరుసలని కనిపిస్తే విప్పలేదు. నేరుగా కొనుగోళ్ల పట్టిక పేరు, దాని ఇండెక్స్ పేరు కనిపిస్తే విప్పింది. నేను ఫంక్షన్‌ను తిరిగి రాసి ఎక్స్‌ప్లెయిన్ కొట్టి చూశాను, ఫంక్షన్ పేరే మాయమైంది. గుమాస్తాగారు టీకి లేవబోయి మళ్లీ కూర్చున్నారు.

పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్ తప్పనప్పుడు ఎదురయ్యే తొలి గొడవ పేర్లది. రిటర్న్స్ టేబుల్ కింద రైతు, బస్తాలు అని రాసిన ప్రతి పేరూ ఫంక్షన్ లోపల ఒక వేరియబుల్ అవుతుంది. పట్టికలోనూ రైతు అనే కాలమ్ ఉంటుంది. లోపలి క్వెరీలో ఉత్త రైతు అని రాస్తే ఏ రైతు అని అడుగుతూ ఆగిపోతుంది. మా ఊళ్లో "సత్యనారాయణగారూ" అని వీధిలో కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు, అన్నవరం దేవుడి చలవ. అందుకే ఇంటిపేరుతో పిలుస్తాం. ఇక్కడ ఇంటిపేరు పట్టిక ఎలియాస్ (పొట్టి పేరు): క.రైతు అంటే పట్టికలోని రైతే. పారామీటర్లకు అడిగిన_ఊరు లాంటి పేర్లు పెట్టడం కూడా ఇందుకే. ఎస్‌క్యూఎల్ భాషా ఫంక్షన్లలో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ పారామీటరుకూ కాలమ్‌కూ ఒకే పేరుంటే తప్పు చూపించదు, కాలమ్‌నే తీసుకుంటుంది. ఊరి_కోడ్ = ఊరి_కోడ్ అన్న షరతు ప్రతి వరుసకూ నిజమవుతుంది, ఆచంట అడిగితే డెల్టా అంతా వచ్చి పడుతుంది.

డేటా రకాల (టైపుల) గొడవ రెండోది. బస్తాల కాలమ్ మామూలు ఇంటిజర్ (పూర్ణాంకం) అనుకోండి. దాన్ని సమ్ చేస్తే వచ్చేది బిగింట్ (పెద్ద పూర్ణాంకం), కౌంట్ చేసినా బిగింటే. బిగింట్‌ను సమ్ చేస్తే న్యూమరిక్ (దశాంశాలు కూడా పట్టే సంఖ్య). రిటర్న్స్ టేబుల్‌లో ఇంటిజర్ అని రాసుకుంటే పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు, క్వెరీ రూపం చెప్పిన రూపంతో సరిపోలేదంటుంది. అదీ ఫంక్షన్ రాసినప్పుడు కాదు, పిలిచినప్పుడు. ఎస్‌క్యూఎల్ ఫంక్షన్ అయితే లేని కాలమ్ పేరు రాసినా సృష్టించేటప్పుడే పట్టుకుంటుంది.

ఖాళీ విలువల (నల్) సంగతి కొంచెం నిలబడి చూడాలి. గుమాస్తాగారు ఒకరోజు ఊరు ఎంచుకోకుండా బొత్తం నొక్కారు. అన్ని ఊళ్లూ వస్తాయని ఆయన ఉద్దేశం. ఒక్క వరుస కూడా రాలేదు. ఊరి కోడ్ నల్‌కు సమానమా అని అడిగితే జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు. తెలియదు అన్న వరుసలను వేర్ షరతు దాటనివ్వదు. అందుకు అందరూ రాసే చిట్కా: "అడిగిన_ఊరు నల్ అయినా సరే, లేదా ఊరి కోడ్ దానికి సమానమైనా సరే". పనిచేస్తుంది. కానీ ఇది పీఎల్‌పీజీ‌ఎస్‌క్యూఎల్ లోపల ఉంటే చిక్కు తేవచ్చు. అక్కడ ఒకే సెషన్‌లో మొదటి అయిదుసార్లు ఇచ్చిన విలువలు చూసి పథకం వేస్తుంది. ఆ తర్వాత, విలువలు చూడకుండా వేసే ఉమ్మడి పథకం ఖర్చు పెద్దగా తేడా లేదనిపిస్తే దానికి మారిపోతుంది. ఆ ఉమ్మడి పథకం నల్ వచ్చినా పనిచేయాలి కాబట్టి ఇండెక్స్‌ను నమ్ముకోలేదు. పొద్దున వేగంగా నడిచిన తెర మధ్యాహ్నానికి నత్తనడక నడుస్తుంటే నేను మొదట అనుమానించేది దీన్నే. 12వ వెర్షన్ నుంచి ప్లాన్_క్యాష్_మోడ్ అనే సెట్టింగ్‌తో ప్రతిసారీ కొత్త పథకమే వేయమని చెప్పవచ్చు. ఇన్‌లైన్ అయ్యే ఫంక్షన్‌కు నేరుగా 17 అని ఇస్తే ఈ బెడదే ఉండదు. 17 నల్ కాదని ప్లానర్‌కు ముందే తెలుసు, షరతులో ఆ సగాన్ని కొట్టేస్తుంది.

నల్ పారామీటర్లోనే కాదు, డేటాలో కూడా ఉంటుంది. ధాన్యం తేమ 17 శాతం మించకూడదన్నది కొనుగోలు నియమం. తేమ 17 లేదా అంతకంటే తక్కువ ఉన్నవి ఇవ్వమంటే, తేమ కొలవని బస్తాలు రావు. సరే, 17 మించినవి ఇవ్వమంటే అందులోనూ రావు. రెండు జాబితాలూ కూడి, కొట్టులోని సరుకుతో సరిచూసి, దొంగతనం జరిగిందనుకున్న రోజు ఒకటుంది.

వరి రకాలు ఒకటికి మించి ఇవ్వాలంటే వాటిని కామాలతో ఒకే మాటగా అతికించి పంపకండి, అర్రే (విలువల జాబితా) పారామీటర్ తీసుకుని ఎనీ అన్న పోలికతో చూడండి. రకానికి కూడా కోడ్ ఇవ్వండి. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన వంగడాన్ని మా దగ్గర ఒకరు స్వర్ణ అంటారు, మరొకరు 7029 అంటారు, ఇంకొకరు ముందు ఎమ్‌టీయూ చేర్చి రాస్తారు. మూడూ ఒకే ధాన్యం.

పారామీటర్లతో మరో మేలు ఉంది. అడిగిన_ఊరు అనే చోట ఎవరు ఏం కొట్టినా అది విలువే, ఆదేశంగా మారదు. కొటేషన్ గుర్తు మూసి "లేదా 1=1" అని తగిలించే పాత దొంగ ఎత్తు ఇక్కడ పారదు. ఎటొచ్చీ కొందరు ఫంక్షన్ లోపల క్వెరీని మాటలు మాటలుగా అతికించి ఎగ్జిక్యూట్ చేస్తారు, అక్కడ తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ఏ కాలమ్ ప్రకారం పేర్చాలో అడిగేవాడే చెప్పే నివేదికలకు అది తప్పదు కూడా. అప్పుడు విలువలను యూజింగ్ ద్వారా పంపాలి. కాలమ్ పేర్లను ఫార్మాట్ ఫంక్షన్‌లో శాతం గుర్తు, పక్కన పెద్ద ఐ అక్షరం వేసి చొప్పించాలి. ఇంతకంటే తెలివైన ఉపాయాలు కనిపెట్టనక్కర్లేదు.

వేరే డేటాబేస్‌లు వాడేవాళ్లకు రెండు మాటలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే విభజన పేర్లతో సహా ఉంది. ఒకే సెలెక్ట్‌ను తిరిగి ఇచ్చే ఇన్‌లైన్ ఫంక్షన్ విప్పబడుతుంది. పట్టిక వేరియబుల్‌ను నింపి ఇచ్చే రెండో రకం మూసిన పెట్టె. ఆ రెండో రకానికి 2012 వరకు ఒకే ఒక్క వరుస వస్తుందని ఊహించేది, 2014 వెర్షన్ నుంచి 100 అంది, 2017లో మాత్రమే నడుపుతూ నిజమైన సంఖ్య చూసుకోవడం నేర్చుకుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫంక్షన్ ఒక్క విలువనే ఇవ్వగలదు, వరుసలు కావాలంటే స్టోర్డ్ ప్రొసీజర్ రాయాలి. ప్రొసీజర్ ఇచ్చిన ఫలితాన్ని ఫ్రమ్ పక్కన పెట్టి జాయిన్ చేయలేరు.

ఊళ్లన్నింటికీ ఒకేసారి, ఒక్కో ఊళ్లో ఎక్కువ ధాన్యం తోలిన ముగ్గురు రైతులు ఎవరని మొన్న అడిగారు. ఫంక్షన్ ఉన్నందుకు ఇది చిటికెలో అయింది. పోస్ట్‌గ్రెస్ 9.3 నుంచి లాటరల్ అనే మాట ఉంది. ఊళ్ల పట్టిక రాసి, కామా పెట్టి, లాటరల్ అని, కుండలీకరణాల్లో ఆ ఊరి కోడ్‌తో ఫంక్షన్‌ను పిలిచే చిన్న సెలెక్ట్ రాసి, బస్తాల ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, మూడుకు పరిమితం చేస్తే సరి. ప్రతి ఊరికీ ఒకసారి అడిగి, ముగ్గురేసి పేర్లు తెచ్చి పెడుతుంది. ఒక్క సరుకూ అమ్మని ఊరు జాబితాలోంచి జారిపోతుంది. అది కూడా కనపడాలంటే కామా బదులు లెఫ్ట్ జాయిన్ రాయాలి.

ఇక మార్పుల బాధ. మే మొదటివారంలో, రద్దీ తగ్గకముందే, ఫలితంలో సగటు తేమ శాతం కూడా కావాలన్నారు. ఒక్క కాలమే కదా అని క్రియేట్ ఆర్ రీప్లేస్ అన్నాను. కుదరదంది. తిరిగి ఇచ్చే రూపం మారితే పాతదాన్ని డ్రాప్ చేసి కొత్తది రాయాల్సిందే, పారామీటర్ పేరు మార్చినా అంతే. కొత్త పారామీటర్ చేరిస్తే ఇంకో తమాషా: పాతది పోదు, అదే పేరుతో పక్కన రెండోది పుడుతుంది, ఏ పిలుపు ఎవరికి చేరుతోందో వెతుక్కోవాలి. డ్రాప్ చేయడానికి పోతే, ఈ ఫంక్షన్ మీద ఆధారపడి ఒక వ్యూ ఉందని అడ్డుకుంది. ఆ వ్యూను కూడా తీసి, రెండింటినీ మళ్లీ రాశాను. అన్నిటినీ కలిపి ఒకేసారి అమలుచేసే ఒకే ట్రాన్సాక్షన్‌లో చేస్తే కౌంటర్ దగ్గరివాళ్లకు ఫంక్షన్ లేదన్న మాట ఎదురుకాదు, పోస్ట్‌గ్రెస్ ఆ సౌకర్యం ఇస్తుంది.

అనుమతుల సంగతి సాయంత్రానికి గానీ గుర్తు రాలేదు. ఈ ఫంక్షన్‌ను నడిపే హక్కు లెక్కల విభాగానికే పరిమితం చేసి ఉంచాను. డ్రాప్‌తో ఆ పరిమితి పోయింది. కొత్తగా పుట్టిన ఫంక్షన్‌ను ఎవరైనా నడపవచ్చన్నది పోస్ట్‌గ్రెస్ స్వభావం. ఆ ఫంక్షన్‌కు సెక్యూరిటీ డిఫైనర్ ఉండి ఉంటే, రాసినవాడి అధికారంతో నడుస్తుంది కాబట్టి, పట్టిక చూసే హక్కు లేనివాళ్లకు కూడా రైతుల లెక్కలు బయటపడేవి. హక్కు తీసే రివోక్, ఇచ్చే గ్రాంట్ రెండు వరుసలూ ఇప్పుడు ఫంక్షన్ నిర్వచనం కిందే, అదే ఫైల్లో ఉంచుతున్నాను.

నిన్న గుమాస్తాగారు మళ్లీ తొంగిచూశారు. తేమ పక్కన గోనెసంచుల లెక్క కూడా ఉంటే బాగుంటుందట. "ఒక్క కాలమే కదా బాబూ" అన్నారు.